మిగిలిన పదిహేడు

"తలుపు తియ్యే మౌనికా. అన్నం సల్లారిపోతంది," అంది రత్నం మూడోసారి.

గది గడియ పడే ఉంది.

వంటింటి గడప దగ్గర పీట మీద కూచున్న ఎర్రయ్య ముందర కంచం ఉంది. చేపల పులుసు కలిపిన అన్నం కలిపినట్టే ఉంది. తన వేళ్లు ఆ అన్నంలోనే ఉన్నాయి గాని, అవి వేరెవరివో అయినట్టు వాటికేసి చూస్తున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఈ బెంగాలీ ఊరి రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల మీద నంబర్లు రాసిన వేళ్లు అవి. ఇవాళ అన్నం ముద్ద చెయ్యడం కూడా వాటికి చేతకావడం లేదు.

ఎప్పుడూ ఈ వేళకి మసకగా, చల్లగా ఉండే వంటిల్లు ఇవాళ పెళ్లిపందిరిలా వెలిగిపోతోంది. కిటికీ బయట నిలబడే నిద్రగన్నేరు లేదు. దాని జాగాలో ఆకాశం ఉంది. చైత్రమాసపు ఎండ నేరుగా లోపలికి దిగి, అంట్ల గిన్నెల మీద పడి గోడంతా మచ్చలు మచ్చలుగా ఆడుతోంది.

"ఇరవయ్యేళ్లయింది ఈ ఇంట్లో కాలెట్టి. ఈ గోడకి ఇంత మసి ఉందని ఇయాలే తెలిసింది," అని రత్నం తనలో తాను అనుకున్నట్టు పైకే అంది.

ఎర్రయ్య విననట్టు ఊరుకున్నాడు. సుత్తుల మోత మధ్య బతుకంతా గడిపినవాడు కాబట్టి మావయ్యకి వినపడదని కోడలికే కాదు, ఇంట్లో అందరికీ నమ్మకం. ఆ నమ్మకం సగం నిజం. మిగతా సగాన్ని అవసరం పడ్డప్పుడల్లా అతనే వాడుకుంటూ వచ్చాడు.

గది తలుపు తెరుచుకుంది. మౌనిక ఇంకా కాలేజీ బట్టల్లోనే ఉంది. జుట్టులో రంపపు పొట్టు. ఏడ్చిన కళ్లు కావవి, పొడిగా ఉన్నాయి. మనవరాలి కళ్లు అంత పొడిగా ఉండడం చూసి ఎర్రయ్యకి భయం వేసింది.

"తాతా, పొద్దున్న నువ్వెక్కడున్నావు?"

"ఆఁ?"

"పొద్దున్న! చెట్లు కోసినప్పుడు!"

"ఇంట్లోనే తల్లీ."

"అంత మోత వినబళ్లేదా?"

"ఆయనకి పిడుగు పడినా ఇనబడదు కదే. ఆయన్నడుగుతావేటి?" రత్నం అడ్డం వచ్చింది. "ముందు తిను. తిన్నాక తగువాడుదువుగాని."

మౌనిక తల్లి మాట పట్టించుకోలేదు. గోడకి ఆనుకుని నేల మీద చతికిలబడింది. "ఒకటి నుంచి ఆరు దాకా వరసలో కోసేశారమ్మా. నంబరు చూసుకుని మరీ కోశారు. రేపు ఏడు గంటలకి మళ్లీ వస్తారంట. ఏడో నంబరు నుంచి మొదలెడతారంట. ఇంకా పదిహేడు."

ఆ నంబర్లు ఎర్రయ్య రాసినవే.

మాఘమాసంలో ఒక ఆదివారం మనవరాలు నోటుబుక్కు పట్టుకుని వీధిలోకి బయల్దేరింది. వీధిలో ఉన్న చెట్లు ఇరవై మూడు. ఇంటికొకటి చొప్పున ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకోవాలంది. పెద్ద పనేం లేదు. బియ్యం కడిగిన నీళ్లు మోరీలో పారబోయకుండా దాని మొదట్లో పొయ్యాలి. రాలిన ఆకు తగలెట్టకుండా గోతిలో వెయ్యాలి. ఆదివారం పొద్దున్న పావుగంట దాని కింద ఊరికే నిలబడాలి. ఏ పిట్ట వచ్చింది, పూత ఎప్పుడు మొదలైంది, చీమలు ఏ వైపు నుంచి ఎక్కుతున్నాయి, చూసింది చూసినట్టు చెప్తే తను పుస్తకంలో రాసుకుంటుంది. "సెట్టు కింద నిలబడ్డం కూడా ఒక సదువేటే?" అని వీధంతా నవ్వింది. నవ్వినవాళ్లే రెండు వారాల్లో నా చెట్టు, నీ చెట్టు అని పోట్లాడుకోవడం మొదలెట్టారు.

ఏ చెట్టు ఏదో తెలియాలంటే నంబర్లు కావాలి. రేకు ముక్కలు మేకులతో కొడదామని ఎవరో అంటే మౌనిక ఒప్పుకోలేదు. చెట్టుకి గాయమవుతుందంది. "రంగుతో రాద్దాం తాతా. నువ్వు రాస్తావా?" అని అడిగింది.

రిటైరయిన ఎనిమిదేళ్లలో ఎర్రయ్యని ఏదైనా రాయమని అడిగినవాళ్లు లేరు. ఆ రాత్రి అతనికి సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు గోల్‌బజారుకి వెళ్లి తెల్లరంగూ నల్లరంగూ రెండు బ్రష్షులూ తెచ్చాడు. బెరడుని ఇనప బ్రష్షుతో గీకి, మానుకి చుట్టూ జానెడు వెడల్పున తెల్ల పట్టీ వేసి, అది ఆరాక దాని మీద నల్లగా అంకె దించాడు. వట్టి అంకె చాలు కదా అంటే వినలేదు. "కింద తెల్ల గ్రౌండు లేకండా నంబరు రాస్తే మొలతాడు లేని పిల్లోడి లెక్కుంటది," అన్నాడు.

కొట్టెయ్యాల్సిన చెట్టుకి తెల్ల పట్టీ వేసి నంబరు రాయడం రైల్వే జాగాలు చూసే వర్క్స్ ఆఫీసు వాళ్ల పద్ధతి అని అతనికి తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లు వ్యాగన్ షాపు దాటి బయట కాలు పెట్టినవాడు కాదు. ఒకే రైల్వే గాని, వ్యాగన్ షాపుకీ వర్క్స్‌కీ మధ్య దూరం రెండు దేశాలకున్నంత.

వాకిట్లో స్కూటర్ ఆగింది. అమర్‌నాథ్ భోజనానికి వచ్చాడు. కొడుకు పనిచేసేది ఆ వర్క్స్ ఆఫీసులోనే, గుమాస్తాగా. చెప్పులు విప్పుతూనే మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇంట్లోకి వచ్చిపడిన వెలుగు అతని కళ్లకి గుచ్చుకున్నట్టుంది.

"నాన్నా, నీ ఆఫీసులో చెప్పు. అవి కొట్టేసే గుర్తులు కావని చెప్పు," మౌనిక లేచి నిలబడింది.

"ముందు మంచినీళ్లియ్యవే."

"చెప్తావా, చెప్పవా?"

"ఏటని చెప్పమంటావు? రైల్వే జాగాలో రైల్వే చెట్లకి మా వోళ్లు రంగులు పూసినారు సార్ అని చెప్పాలా? క్వార్టరు నా పేరున ఉంది. పర్మిషన్ ఏది అని అడుగుతారు. నీ దగ్గరుందా?"

"పర్మిషన్ లేకండా నీళ్లు కూడా పోశాం. దానికీ కేసు పెట్టమను."

"నోరు!"

"ఏటండీ, పిల్ల మీద ఎందుకు అరుత్తారు?" రత్నం మంచినీళ్ల గ్లాసు అతని చేతిలో కుక్కింది. "అసలు ఎందుకు కొడతన్నారంట?"

అమర్‌నాథ్ నీళ్లు తాగి, గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. "కాల్‌బైశాఖి గాలివానలు రాకముందు వాలిన చెట్లు కొట్టించడం ఏటా ఉన్నదే. మన వీధిలో నాలుగైదు వాలినవి ఉన్నాయి. పట్టీ ఉన్నవి కొట్టుకోమని కంట్రాక్టరుకి చెప్పినారు. ఆడు వచ్చి చూస్తే ఇరవై మూడింటికి ఉన్నాయి. ఆడికేటి, కలప వస్తంటే కాదంటాడా?"

"రెండు నెలలు నీ కళ్లముందరే ఉన్నాయి కదా నాన్నా," అంది మౌనిక. ఈసారి గొంతు తగ్గించింది. "తెల్ల పట్టీ అంటే ఏంటో నీకు తెలుసు కదా. ఒక్కసారి కూడా చెప్పలేదేం?"

"నేను పొద్దున్నే ఎల్లి చీకటి పడ్డాక వచ్చీవోణ్ని. చెట్లు చూస్తూ కూచుంటే నౌకరీ ఎవడు చేస్తాడు? చూళ్లేదు."

ఎర్రయ్య తలెత్తాడు. కొడుకు 'చూళ్లేదు' అన్న తీరులో ఏదో తేడా ఉంది. రంగు ఆరకముందే వేలు పెట్టి చూసినవాడు వేలు వెనక్కి దాచుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. కాని అది పట్టుకుని అడిగే అర్హత ఇవాళ తనకి లేదు. తల దించేసుకున్నాడు.

"నాన్నా," అమర్‌నాథ్ తండ్రి చెవి దగ్గరగా వంగి గట్టిగా చెప్పాడు. "నువ్వు నోరు మెదపకు. ఎవరడిగినా నీకు తెలీదు. రెండ్రోజులు పోతే అందరూ మర్చిపోతారు. ఠీక్ హై?"

అతను కంచం ముందు కూచోకముందే వీధి గుమ్మంలో ఎలీసమ్మ గొంతు వినపడింది. రైల్వే ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరయిన మనిషి. ఆమె గొంతు తగ్గించి మాట్లాడగా ఆ వీధిలో విన్నవాళ్లు లేరు.

"ఏడే అమర్‌నాథు? ఉన్నాడా, ఆఫీసులో దాక్కున్నాడా?"

"రా పిన్నీ, అన్నం తిందువుగాని," అంది రత్నం.

"నా నేరేడు సెట్టుని నరికిపారేసి అన్నం తినమంటావా? నాలుగో నంబరు నాదే కదా. దాని కింద కుర్సీ ఏసుకుని ఎన్నిసార్లు కూకున్నానని! ప్రతి ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి దానికి నీళ్లు పోసినాను. 'ప్రభువా, నా మోకాళ్లు బాగుచెయ్యి, నా నేరేడు కాయించు' అని అడిగినాను. మోకాళ్లూ బాగవలేదు, నేరేడూ పోయింది." ఆమె గుమ్మానికి ఆనుకుని ఆయాసం తీర్చుకుంది. "అందులో ఒక పిట్ట గూడు ఉండీది. పిల్లలు కింద పడి... పోనీలే. ఆ కోతోళ్ల మేస్త్రీగాడికి పాపం ఏటి తెలుసు? నాకు కోపం ఆడి మీద కాదు."

"మరెవరి మీద మామ్మా?" మౌనిక అడిగింది.

ఎలీసమ్మ ఎర్రయ్యకేసి తిరిగింది.

"ఎర్రయ్యన్న అక్కడే ఉన్నాడు కదే. మొదటి సెట్టు దగ్గిర్నించి ఆరో సెట్టు దాకా, సేతులు ఎనక్కి కట్టుకుని, షాపులో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన సాహెబులాగ నిలబడ్డాడు. మేస్త్రీతో నవ్వుతా మాట్లాడ్డం కూడా సూసినాను. ఎర్రయ్యన్నే నవ్వుతన్నాడంటే ఇందులో ఏదో రైలోళ్ల రూలుంటదిలే అని నేనూ నోరు మూసుకున్నాను. ఏటన్నా, నేనబద్ధమాడతన్నానా?"

రత్నం చేతిలో గరిటె గిన్నెకి తగిలి చిన్న చప్పుడైంది.

"తాతా?" అంది మౌనిక. గొంతు పెంచలేదు. అయినా అతనికి వినపడుతుందని ఆ పిల్లకి అప్పుడే తెలిసిపోయినట్టుంది.

"ఉన్నాను," అన్నాడు ఎర్రయ్య.

"ఇంట్లో ఉన్నానన్నావు."

"అన్నాను."

"మరి వాళ్లకెందుకు చెప్పలేదు? ఒక్క మాట. ఇవి కొట్టే చెట్లు కాదు అని ఒక్క మాట!"

ఎలా చెప్పాలి? జరిగింది చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. ఆ రెండు వాక్యాలూ నోట్లోంచి బయటికి వస్తే తను మళ్లీ ఎర్రయ్యలా ఉండగలడా అన్నది అతని సందేహం.

పొద్దున్న మోటారు రంపం మోత వినపడింది. నిజంగానే వినపడింది. వీధిలోకి వచ్చేసరికి ఒకటో నంబరు శిరీషం కింద నలుగురు మనుషులున్నారు. మేస్త్రీ బిహారీ మనిషి. తెల్ల పట్టీ మీద అరచెయ్యి పెట్టి, గుర్రం మెడ నిమిరినట్టు నిమురుతున్నాడు. "కిసీ ఉస్తాద్ కా హాత్ హై, దాదూ," అన్నాడు. ఎవరో ఉస్తాదు చేతిపని ఇది, ఈ కాలపు కుర్రాళ్లు గీకే గీతలు కావివి అన్నాడు.

ఎనిమిదేళ్లుగా ఆ మాట కోసం తను ఎదురుచూస్తున్నాడని ఎర్రయ్యకే తెలియదు. నవ్వొచ్చింది. నవ్వుతూ తల ఊపాడు. ఆ తల ఊపడాన్ని మేస్త్రీ ఏమనుకున్నాడో, రంపం తాడు లాగాడు.

ఆపండి అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. మరి ఇందాక నవ్వావెందుకు అన్న ప్రశ్న దాని వెనకే వచ్చి దాని గొంతు పట్టుకుంది. మొదటి చెట్టు పడ్డాక ఆ మాట ఒక చెట్టంత బరువెక్కింది. రెండోది పడ్డాక రెండు చెట్లంత. ఆరోది పడేసరికి దాన్ని లేపే ఓపిక అతనిలో లేదు.

"ఆ మేస్త్రీ," అన్నాడు ఎర్రయ్య చివరికి, కంచంలోకి చూస్తూ, "రాత బాగుందన్నాడు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ముందు అర్థమైంది మౌనికకే.

"నేను చెట్ల కోసం రాయమన్నాను తాతా," అంది. "నువ్వు నంబర్ల కోసం రాశావు."

అరవలేదు, తలుపు విసిరికొట్టలేదు. తల్లి పెట్టిన కంచం తీసి మూత పెట్టి, వీధిలోకి వెళ్లి కొట్టేసిన శిరీషం మొదలు మీద కూచుంది. గుమ్మంలోంచి ఆమె వీపు కనిపిస్తోంది. ఎలీసమ్మ గుమ్మం దిగింది. వచ్చినంత గట్టిగా వెళ్లలేకపోయింది.

"చెప్పినాను కదా, దీన్ని ఇక్కడితో ఒగ్గెయ్యండి," అని అమర్‌నాథ్ రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. స్కూటర్ వెళ్లిపోయింది.

ఎర్రయ్య కూడా చెయ్యి కడుక్కున్నాడు. దండెం మీది చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"ఎక్కడికి మావయ్యా? మీ అబ్బాయి ఎక్కడికీ ఎల్లొద్దన్నారు," అంది రత్నం.

"నాకు ఇనబళ్లేదు," అన్నాడు.

కోడలు అతనికేసి ఒక క్షణం చూసింది. అడ్డం నిలబడ్డదల్లా పక్కకి జరిగి గొడుగు తీసి ఇచ్చింది. "నీడ లేదు దారిలో," అంది.

దారిలో ఆరు మొదళ్లు. వాటి పక్కనే దుంగలు. పైకి తేలిన పట్టీల మీద అంకెలు ఒక్కటీ చెదరలేదు. వ్యాగన్ మీది నంబరు ముప్పై గజాల దూరం నుంచి, బండి పరిగెడుతున్నా చదవగలిగేట్టు ఉండాలని తనకి నేర్పిన మేస్త్రీ చెప్పేవాడు. ఇవి అరవై గజాల నుంచి చదవొచ్చు. తన పని మీద తనకి అసహ్యం పుట్టడం ఎర్రయ్యకి ఇదే మొదటిసారి. వింత ఏమిటంటే, ఆ అసహ్యం మధ్యలో కూడా, మూడు అంకె కింది వంపు బాగా కుదిరిందని కన్ను తనకి తానే చెప్పుకుపోతోంది. మనిషి తన మనసుని ఎంత తిట్టినా అది పక్కగదిలో కూచుని తన పని తను చేసుకుంటూనే ఉంటుంది.

మొదలు మీద కూచున్న మౌనిక తాతని చూసింది.

ఏడో నంబరు దగ్గర ఎర్రయ్య ఆగాడు. అది కానుగ. అతని సొంత చెట్టు. ప్రతి ఆదివారం దాని మీద ఒక చిన్న పచ్చపిట్ట కూచుని, రేకు మీద సుత్తి వేసినట్టు టక్ టక్ టక్ మనేది. పేరు తెలియక, షాపులో రివిట్లు కొట్టేవాణ్ని పిలిచినట్టు రివిటర్ అని పిలిచేవాడు. మౌనిక పుస్తకంలో అలాగే రాసుకుంది. ఇవాళ అది లేదు. మోతకి ఎటో పోయినట్టుంది.

వర్క్స్ ఆఫీసు వరండాలో అమర్‌నాథ్ తండ్రిని చూసి కుర్చీలోంచి లేచాడు. "నాన్నా, ఎందుకొచ్చినావు? నాన్నా!" ఎర్రయ్య అతని బల్ల దాటుకుని నేరుగా లోపలి గదిలోకి నడిచాడు.

ఇంజినీరు సామంత బాబు మంచి మనిషి. గొడుగుతో చెమటలు కక్కుతూ వచ్చిన ముసలాయన్ని చూసి తనే లేచి కుర్చీ జరిపాడు. "బోసున్ కాకాబాబు, కూచోండి. అమర్ కోసమా?"

"మీకోసమే బాబు," అని ఎర్రయ్య తనకొచ్చిన బెంగాలీలో మొదలుపెట్టాడు. "మా వీధిలో చెట్ల మీద పట్టీలు మీ ఆఫీసువి కావు. నేను వేసినవి. కొట్టడానికి కాదు, పెంచుకోడానికి. ఆరు పోయాయి. మిగిలినవి ఆపండి."

సామంత బాబు నవ్వబోయి, ఆ మొహం చూసి ఆగిపోయాడు. బీరువాలోంచి ఒక ఫైలు తీశాడు. ఒక కాగితం బయటికి లాగి బల్ల మీద తిప్పి పెట్టాడు.

"ఇరవై మూడు పట్టీలు అని కంట్రాక్టర్ అంటే నాకూ అనుమానం వచ్చింది. వాలినవి మన లెక్కలో ఐదే. అందుకే ఒక మనిషిని పంపి చూసి రమ్మన్నాను. ఇదిగో, 'స్థలానికి వెళ్లి చూశాను, గుర్తులన్నీ మన ఆఫీసువే' అని రాసి సంతకం పెట్టారు. పోయిన శుక్రవారం."

"ఎవరు?"

"మీ అబ్బాయే కదా కాకాబాబు. మీ వీధేనని అతన్నే పంపాను."

ఎర్రయ్యకి ఆ ఇంగ్లీషు వాక్యం చదవడం రాదు. సంతకం చదవనక్కర్లేదు. దాని కింద వేసిన తేదీలో నాలుగు అంకె ఉంది. తల తెరిచి ఉన్న నాలుగు, అచ్చం తను వేసేదే. చిన్నప్పుడు అమర్‌నాథ్‌కి అంకెలు నేర్పింది బడి కాదు. షాపు నుంచి తెచ్చిన పాత రేకు మీద తండ్రి రాసినవే వాడు సుద్దముక్కతో దిద్దాడు. ఈ ఊళ్లో ఎర్రయ్య చేతిరాతని వీధి చివర్నించే గుర్తుపట్టగలిగినవాడు ఎవడైనా ఉంటే వాడొక్కడే.

గుర్తుపట్టాడు. గుర్తుపట్టే సంతకం పెట్టాడు.

తండ్రిని కాపాడ్డానికా, తనని తాను కాపాడుకోడానికా? ఆ రెండూ మనసులో పక్కపక్క గదులు. మధ్య గోడ ఎక్కడుందో ఆ మనిషికే తెలియదు. పొద్దున్న ఆరు చెట్లు పడేదాకా నోరు విప్పని తనకి ఇది తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? కొడుకు పోలికలు మొహంలోనే వస్తాయని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

సామంత బాబు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు.

"చూడండి కాకాబాబు. పట్టీలు మీరు వేసినవేనని రాసిస్తే ఇప్పుడే ఫోన్ చేసి పని ఆపించేస్తాను. పదిహేడూ ఉంటాయి. మీ వయసు చూసి మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. కాని అమర్ సంగతి ఆలోచించండి. తెలియక పొరబడ్డాడంటే ఒక మెమోతో పోతుంది. తెలిసే సంతకం పెట్టాడంటే ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు. నౌకరీ పోయే మాట."

"కాగితం ఇవ్వండి," అన్నాడు ఎర్రయ్య.

"ఏ భాషలో రాస్తారు?"

ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ అక్షరాలన్నీ అతని చేత్తో వ్యాగన్ల మీద, బోర్డుల మీద వేల సార్లు దిగాయి. అవన్నీ బొమ్మలు. మనసులో మాట రాయడానికి ఐదో తరగతి దాకా చదివిన తెలుగొక్కటే ఉంది.

మూడు వరసలు రాశాడు. ఆగాడు. ఫ్యాను గాలికి కాగితం చివర లేస్తుంటే ఎడం చేత్తో అదిమి పట్టుకున్నాడు. తర్వాత నాలుగో వరస రాసి సంతకం పెట్టాడు.

సామంత బాబు కాగితం అటూ ఇటూ తిప్పి నవ్వాడు. "మీ లిపి చాలా అందంగా ఉంది గాని నాకొక్క ముక్క అర్థం కాదు. అమర్! ఇలా రా. మీ నాన్న ఏం రాశారో చదివి చెప్పు."

అమర్‌నాథ్ గుమ్మంలోనే ఉన్నాడు. ఎంతసేపట్నించి ఉన్నాడో. కాగితం తీసుకున్నాడు. తండ్రికేసి చూడలేదు. మొదటి వరస తనలో చదువుకుని, బెంగాలీలో మెల్లగా చెప్పాడు.

"ఈ పట్టీలూ నంబర్లూ వేసింది నేనే."

"ఊఁ."

"ఎవరినీ అడగలేదు. తప్పు నాదే."

సామంత బాబు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. కంట్రాక్టరు నంబరు కోసం వేలితో వెతుకుతున్నాడు. "చెప్పు, చెప్పు."

"పొద్దున్న కొడుతుంటే... చూస్తూ నిలబడ్డాను. ఆ తప్పు కూడా నాదే."

ఆ తర్వాత అమర్‌నాథ్ ఆగిపోయాడు. కాగితం పట్టుకున్న చెయ్యి కొంచెం కిందికి దిగింది. ఎర్రయ్య కొడుకు పెదవులకేసే చూస్తున్నాడు. చదవరా, అనుకున్నాడు. ఒక్క ఊపిరిలో చదివెయ్యి. అంతా అయిపోతుంది.

"తార్‌పొర్?" అన్నాడు సామంత బాబు. తర్వాతేంటి? వేలు ఫోను మీద ఆగి ఉంది. "ఇంకో వరస ఉన్నట్టుంది కదా."

నాలుగో వరసలో ఎర్రయ్య రాసింది ఇదీ: నా కొడుక్కి నా చేతిరాత తెలియదు.

అమర్‌నాథ్ కళ్లెత్తి తండ్రిని చూశాడు. ఈ రోజు మొత్తంలో తండ్రి మొహంలోకి సూటిగా చూడడం అదే.

"నాన్నా," అన్నాడు తెలుగులో. "ఇది నా నోటితో ఎలగ చెప్పమంటావు?"

సామంత బాబు వాళ్లిద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. చూసి, కంట్రాక్టరుకి కలపకుండానే ఫోను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.